బోర్డు మార్చారు సరే, పాత బాకీ ఎవరిది? – తెలంగాణ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

తెలంగాణ శాసనసభ్యులకు, ముఖ్యంగా హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాల నుంచి గెలిచిన వారికి,

నమస్కారం.

నేను నాచారంలో పొడులు, పిండ్లు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. కంది పొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, సంక్రాంతి ముందు సకినాల పిండి. మా దగ్గర పని చేసేవాళ్లంతా చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్లే. సరుకు కొంత కిరాణా కొట్లకు పోతుంది, ఎక్కువ భాగం సూపర్ మార్కెట్లకు పోతుంది. అలా మా దగ్గర సరుకు తీసుకున్న ఒక చైన్ చేతులు మారింది. మాకు రావాల్సిన నాలుగు లక్షల పైచిలుకు అక్కడే ఆగిపోయింది. పాతవాళ్లను అడిగితే "వ్యాపారం అమ్మేశాం, కొత్తవాళ్లను అడగండి" అన్నారు. కొత్తవాళ్లను అడిగితే "మేం షాపులు తీసుకున్నాం, వాళ్ల అప్పులు తీసుకోలేదు" అన్నారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ పెట్టాను. ఇది మా పరిధిలోకి రాదని ఇంకో కార్యాలయానికి పంపారు. అక్కడ అర్జీ తీసుకుని, నకలు మీద స్టాంపు వేసి ఇచ్చారు. ఏడాది దాటింది. ఆ స్టాంపు తప్ప మరే జవాబూ లేదు.

ఆ చైన్ పేరుగానీ, ఆ కార్యాలయాల పేర్లుగానీ ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీ చేసిన పని అయితే మీకు లేఖ రాసేదాన్ని కాదు, ఒక లాయర్‌ను పట్టుకునేదాన్ని. ఈ ఊళ్లో సూపర్ మార్కెట్లు చేతులు మారడం ఇరవై ఏళ్లుగా జరుగుతోంది, ఇంకా జరుగుతుంది. ప్రతిసారీ పైన కోట్లలో లెక్కలు తేలిపోతాయి. కింద మాలాంటి వాళ్ల లెక్కలు మాత్రం ఎవరికీ పట్టవు.

ముందు ఈ చరిత్ర కొంచెం చెప్పాలి.

హైదరాబాద్‌కు సూపర్ మార్కెట్‌ను కార్పొరేట్ కంపెనీలు తీసుకురాలేదు. వాళ్లకన్నా చాలా ముందే ఇక్కడివాళ్లు పెట్టారు. త్రినేత్ర 1980ల్లోనే మొదలైంది. 1987లో మొదలైన రత్నదీప్ ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది. త్రినేత్ర పెరిగింది, ఇండియా వాల్యూ ఫండ్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది, బెంగళూరులోని ఫాబ్‌మాల్ కూడా అదే గూటికి చేరింది. దక్షిణాదిలో 170కి పైగా షాపులయ్యాయి. 2007 మొదట్లో మొత్తాన్ని ఆదిత్య బిర్లా గ్రూప్ కొంది. ఆ తర్వాత 'మోర్' బోర్డులు వచ్చాయి. 2018లో బిర్లా వాళ్లూ అమ్మేశారు. కొన్న కంపెనీ పేరు విట్జిగ్ అడ్వైజరీ సర్వీసెస్. ఆ పేరు వింటే పప్పూ ఉప్పూ అమ్మే కంపెనీ అని ఎవరైనా అనుకుంటారా? దాని వెనక ఉన్నది సమారా క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ, 49 శాతం వాటాతో అమెజాన్. డీల్ విలువ సుమారు 4,200 కోట్లని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అంటే త్రినేత్ర రోజుల నుంచి అదే షాపులో నెల సరుకులు కొంటున్న ఇల్లాలు నలుగురు యజమానులను చూసింది. వాళ్లెవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఫుడ్‌వరల్డ్‌దీ ఇలాంటి కథే. ఆర్‌పీజీ గ్రూప్, హాంకాంగ్‌కు చెందిన డైరీ ఫార్మ్ కలిసి నడిపిన ఆ చైన్ భాగస్వాములు విడిపోయాక రెండుగా చీలింది. ఆర్‌పీజీ వాటాకు వచ్చిన షాపులు స్పెన్సర్స్ అయ్యాయి.

2006 నవంబర్‌లో రిలయన్స్ ఫ్రెష్ దేశంలోనే మొదటి షాపులను హైదరాబాద్‌లో తెరిచింది. ఈ ఊరు కొత్త షాపుకు త్వరగా అలవాటు పడుతుందని పెద్ద కంపెనీలు అప్పటికే గమనించాయి. ఆ రోజుల్లోనే చెన్నైలో పుట్టిన సుభిక్ష వీధివీధికీ వచ్చింది. దేశమంతా 1,600కు పైగా షాపులు తెరిచి, 2009 మొదట్లో ఒక్కసారిగా మూతపడింది. జీతాలు ఆగాయి, అద్దెలు ఆగాయి, సరుకు ఇచ్చినవాళ్ల బిల్లులు ఆగాయి. ఆ పేరెత్తితే ఉస్మాన్‌గంజ్‌లో పెద్ద వ్యాపారులు ఇప్పటికీ తల పట్టుకుంటారు.

ఇక హెరిటేజ్ ఫ్రెష్. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని 124 షాపులను 2016 నవంబర్‌లో బిగ్ బజార్ నడిపే ఫ్యూచర్ రిటైల్‌కు ఇచ్చేశారు. బదులుగా వచ్చింది డబ్బు కాదు, ఫ్యూచర్ రిటైల్‌లో 3.65 శాతం వాటా. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ ఫ్యూచర్ కంపెనీయే అప్పుల్లో కూరుకుపోయి, 2020 ఆగస్టులో తన వ్యాపారాన్ని రిలయన్స్‌కు 24,713 కోట్లకు అమ్ముతానంది. ఫ్యూచర్ గ్రూప్‌లో అంతకు ముందే పెట్టుబడి పెట్టిన అమెజాన్ కోర్టుకెక్కింది. కోర్టులో వాదనలు నడుస్తుండగానే, 2022 ఫిబ్రవరిలో వందల షాపులు రిలయన్స్ చేతికి వెళ్లాయి. అమ్మకం ద్వారా కాదు, ఆ భవనాల లీజులు రిలయన్స్ పేర ఉండటం ద్వారా. ఏప్రిల్‌లో అప్పులిచ్చిన బ్యాంకులు డీల్‌ను తిరస్కరించాయి. జూలైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2024 జూలైలో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి కంపెనీని మూసేయడానికి, ఆదేశం వచ్చింది.

ఇదంతా మీకు తెలియదని కాదు. ఇందులో ఒక చిన్న విషయం ఉంది, మా బతుకు దాని మీదే ఆధారపడి ఉంది. షాపు చేతులు మారే పద్ధతులు అన్నీ ఒకటి కావు.

కంపెనీ షేర్లనే కొంటే కంపెనీ అదే ఉంటుంది, దాని అప్పులూ దానితోనే ఉంటాయి. మోర్ విషయంలో 2018లో జరిగింది ఇదే. మెట్రో క్యాష్ అండ్ క్యారీ ఇండియాను 2,850 కోట్లకు రిలయన్స్ తీసుకున్నదీ ఇలాగే. ఇలాంటప్పుడు మాకు పెద్దగా భయం లేదు. వ్యాపారాన్ని మాత్రమే విడదీసి ఇస్తే, ఏ అప్పులు కొత్తవారికి వెళ్తాయో, ఏవి పాతవారి దగ్గర ఉంటాయో ఒప్పందంలో రాసుకుంటారు. ఆ కాగితం మాకు చూపించరు. కంపెనీల వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్ ద్వారా జరిగితే పేపర్లో నోటీసు వేస్తారు. కారం దంచే మనిషి ఆ పేజీ ఎప్పుడు చదవాలి? ఇక మూడోది, భవనం లీజు మాత్రమే చేతులు మారడం. ఇందులో కొత్తవారికి పాత కంపెనీతో కాగితం మీద సంబంధమే ఉండదు. అదే బిల్డింగ్, అదే ర్యాకులు, చాలాసార్లు అదే మేనేజర్. బాకీ మాత్రం వేరే కంపెనీది.

నా డబ్బు ఈ రెండో మూడో పద్ధతుల మధ్య ఎక్కడో పోయింది. ఎక్కడ పోయిందో కూడా నాకు ఇప్పటిదాకా ఎవరూ కాగితం మీద చెప్పలేదు.

దీనివల్ల మామూలు మనుషులకు జరిగేది ఇది:

1. చిన్న సరఫరాదారు అప్పిచ్చి, ఆ అప్పు మీద పన్ను కూడా కడతాడు. సూపర్ మార్కెట్‌కు సరుకు ఇవ్వడమంటే అప్పు ఇవ్వడమే. పర్చేజ్ ఆర్డర్ మీద 30 రోజులని ఉంటుంది, చేతికి వచ్చేసరికి రెండు మూడు నెలలు. మధ్యలో తేదీ దాటిన ప్యాకెట్లకు, చిరిగిన ప్యాకెట్లకు, మేం అడగని ఆఫర్లకు డెబిట్ నోట్లు, అంటే మా బిల్లులో కోతలు. ఇవన్నీ వ్యాపారంలో ఉండేవేనని ఊరుకుంటాం. కానీ బిల్లు వేసిన నెలకే జీఎస్టీ మేం కట్టాలి, డబ్బు వచ్చినా రాకపోయినా. పోయిన ఆ నాలుగు లక్షల మీద కూడా నేను పన్ను కట్టాను. అసలు, పన్ను రెండూ పోయాయి. శనగపప్పు, ఎండుమిర్చి తెచ్చిన గంజ్ సేటుకు మాత్రం నేను రూపాయి ఆపలేదు. ఆపితే మరుసటి వారం మిరప బస్తా రాదు. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి కట్టాను.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మాలాంటి తయారీదారులకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు చేస్తే, ఇలాంటి బాకీ తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. చదవడానికి బాగుంటుంది. బాకీ పడ్డ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లిందంటే ఈ కేసులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. దివాలా చట్టం కింద మేమే పిటిషన్ వేద్దామంటే, 2020 మార్చి నుంచి కనీస బాకీ కోటి రూపాయలు ఉండాలన్నారు. నాలుగు లక్షల మనిషికి ఆ తలుపు తెరుచుకోదు. ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు పంచేటప్పుడు బ్యాంకులు, కార్మికులు, ప్రభుత్వ బకాయిలు అన్నీ అయ్యాకే మా వంతు. ఆదాయపు పన్ను చట్టంలో ఒక నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న యూనిట్లకు గడువులోపు చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోనివ్వరు. లాభాల్లో ఉన్న కంపెనీ దీనికి భయపడుతుంది. నష్టాల్లో మునిగి అమ్మకానికి సిద్ధమైన కంపెనీ ఎందుకు భయపడుతుంది? మా డబ్బు ఆగేది సరిగ్గా అలాంటి కంపెనీలోనే.

బేగంబజార్, మలక్‌పేట గంజ్ హోల్‌సేల్ వ్యాపారుల సంగతి ఇంకా అన్యాయం. 2021లో వ్యాపారులనూ ఎంఎస్‌ఎంఈల్లో చేర్చారు కానీ, బ్యాంకు రుణాల వరకే. 45 రోజుల రక్షణ వాళ్లకు లేదు.

2. పనివాళ్ల సర్వీసు తెగిపోతుంది. సంస్థ చేతులు మారితే పనివారి సర్వీసు కొనసాగాలి, లేదా పరిహారం ఇవ్వాలి అన్న మాట 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం రోజుల నుంచీ ఉంది. షాపులో బిల్లింగ్ దగ్గర నిలబడే అమ్మాయికి ఆ సంగతి ఎవరు చెప్తారు? "కొత్త కంపెనీలో కొత్తగా అప్లై చేయండి, అందరినీ తీసుకుంటాం" అంటారు. నిజంగానే చాలామందిని తీసుకుంటారు. కానీ గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. నాలుగో ఏట బోర్డు మారి, ఆమె మళ్లీ కొత్త ఉద్యోగి అయితే, లెక్క మళ్లీ ఒకటి నుంచి. పైగా షాపులో కనిపించే సగం మంది షాపు మనుషులు కారు. ఏజెన్సీల నుంచి వచ్చిన హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, సబ్బుల కంపెనీలు పెట్టిన ప్రమోటర్లు. షాపు చేతులు మారిన రోజు వీళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

3. కొనుగోలుదారుల పాయింట్లు, గిఫ్ట్ కార్డులు చెల్లకుండా పోతాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పండక్కి ఆఫీసులో ఇచ్చిన రెండు వేల గిఫ్ట్ కార్డు బోర్డు మారిన మర్నాడు ప్లాస్టిక్ ముక్క అయిపోతే, కింది ఉద్యోగికి అది చిన్నది కాదు. పాయింట్లు పోతాయి కానీ, వాటికోసం ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం భద్రంగా కొత్తవాళ్లకు చేరుతుంది. బిల్లు దగ్గర నంబరు కోసం ఒత్తిడి చేయొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే చెప్పింది. ఇప్పటికీ "మేడమ్, నంబర్" అనకుండా బిల్లు కదలదు.

4. పోటీ తగ్గుతోందని చూసేవారు లేరు. పెద్ద డీల్స్ వల్ల మార్కెట్‌లో పోటీ దెబ్బతింటుందా అన్నది కేంద్రంలోని కాంపిటీషన్ కమిషన్ పరిశీలిస్తుంది. అయితే అమ్ముడుపోయే కంపెనీ ఆస్తులు దేశంలో 450 కోట్లు మించకపోయినా, టర్నోవర్ 1,250 కోట్లు మించకపోయినా మామూలుగా కమిషన్‌కు చెప్పనక్కర్లేదు. దేశం మొత్తం మీద చూస్తే అది చిన్న కంపెనీయే. కానీ రెండు జిల్లాల్లో యాభై షాపులున్న లోకల్ చైన్ మాకు చిన్నది కాదు. ఒక కాలనీలో ఉన్న మూడు సూపర్ మార్కెట్లలో రెండు ఒకే చేతికి వెళ్తే, అక్కడ మా పొడి ర్యాకు మీద ఉండాలో వద్దో ఒక్కరే నిర్ణయిస్తారు. పక్కనే వాళ్ల సొంత బ్రాండ్ కంది పొడి పెడతారు, మా ప్యాకెట్ మోకాళ్ల కిందికి దిగుతుంది. వంగి తీసి కొనేవాళ్లు ఎందరు?

సూపర్ మార్కెట్లు వద్దని నేను అనడం లేదు. ధర, తేదీ, తూకం చూసి కొనే అలవాటు అక్కడే పెరిగింది. మా యూనిట్‌కు శుభ్రమైన ప్యాకింగ్ నేర్పింది కూడా వాళ్లు పెట్టిన షరతులే. పెద్ద చైన్లన్నీ బిల్లులు ఆపుతాయనడమూ తప్పే. డీమార్ట్ సరఫరాదారులకు త్వరగా డబ్బిచ్చి, దానికి బదులు ధర తగ్గించుకుంటుందని మార్కెట్‌లో అందరికీ తెలుసు. కాబట్టి వెంటనే చెల్లిస్తే వ్యాపారం నడవదన్న సాకు మాకు చెప్పొద్దు.

దివాలా చట్టం, కాంపిటీషన్ చట్టం కేంద్రానివి, మీ చేతిలో లేవని నాకు తెలుసు. కానీ షాపు చేతులు మారితే కొత్త యజమాని రాష్ట్రం గడప తొక్కక తప్పదు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ తన పేర తీసుకోవాలి. దుకాణాలు, సంస్థల చట్టం కింద లేబర్ రిజిస్ట్రేషన్ కావాలి. కాటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఈ బల్లలన్నీ మీ ప్రభుత్వానివే. ఇన్ని సంతకాలు పెట్టేచోట "పాతవాళ్ల బాకీలు ఏమయ్యాయి?" అని అడిగే గడి ఒక్కటీ లేదు. మేం అడిగేది ప్రధానంగా ఆ గడి గురించే.

మా డిమాండ్లు:

1. సూపర్ మార్కెట్ చైన్ పేరుగానీ యజమానిగానీ మారి, కొత్త ట్రేడ్ లైసెన్స్‌కు దరఖాస్తు చేసినప్పుడు, పాత కంపెనీ, కొత్త కంపెనీ రెండూ కలిసి ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. స్థానిక సరఫరాదారుల బకాయిలు, పనివాళ్ల బకాయిలు ఎంత, ఎవరు కడతారు, ఎప్పటిలోగా కడతారు అన్నది అందులో ఉండాలి. భవనం లీజు మాత్రమే మారినా ఇది వర్తించాలి. ఆ షరతు లేకపోతే అందరూ ఆ దారే పడతారు.

2. చేతులు మారడానికి కనీసం 60 రోజుల ముందు షాపు గుమ్మం దగ్గర, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడు భాషల్లో నోటీసు పెట్టాలి. బకాయిలున్నవాళ్లు ఎక్కడ క్లెయిమ్ వేయాలో, గిఫ్ట్ కార్డులు ఎప్పటిదాకా చెల్లుతాయో అందులో రాయాలి. పేపర్లో మూల వేసిన ఇంగ్లిష్ ప్రకటనతో సరిపెట్టకూడదు.

3. ప్రతి షాపులోనూ దాన్ని నడిపే అసలు కంపెనీ పేరు, ఫిర్యాదు తీసుకునే అధికారి వివరాలు బిల్లింగ్ కౌంటర్ దగ్గర పెద్ద అక్షరాల్లో ఉండాలి. బిల్లు కింద చీమ తలంత అక్షరాల్లో కాదు.

4. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే, కొన్నవాళ్లు ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని) వెనక్కి కట్టాలని జీఎస్టీ చట్టమే చెబుతోంది. మేం వేసిన ప్రతి బిల్లూ పోర్టల్‌లో ఉంది. అమ్మకానికి ఉన్న చైన్ల విషయంలో వాణిజ్య పన్నుల శాఖ ఈ లెక్క తప్పనిసరిగా తనిఖీ చేయాలి. ప్రభుత్వానికి పన్ను వస్తుంది, మాకు బాకీ ఉందన్న రుజువు దొరుకుతుంది.

5. ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారణలు 90 రోజుల గడువులో ముగిసేలా సభ్యులను, సిబ్బందిని ఇవ్వాలి. ఎన్ని కేసులు వచ్చాయో, ఎన్ని తేలాయో నెలనెలా ప్రకటించాలి. లాయర్ లేకుండా తెలుగులో వాదన చెప్పుకునే వీలుండాలి.

6. షాపు చేతులు మారేటప్పుడు కార్మిక శాఖ అధికారి అక్కడికే వచ్చి, ఏజెన్సీ మనుషులతో సహా పనివాళ్ల జాబితా తయారుచేయాలి. సర్వీసు కొనసాగుతుందా, పరిహారం ఇస్తారా అన్నది ఆ రోజే రాతపూర్వకంగా తేల్చాలి.

7. స్థానిక మార్కెట్‌ను బట్టి పరిశీలన జరిగేలా కాంపిటీషన్ కమిషన్ పరిమితులను, చిన్న సరఫరాదారుల కోసం దివాలా చట్టంలోని కోటి రూపాయల పరిమితిని మార్చాలని కేంద్రాన్ని కోరుతూ శాసనసభలో తీర్మానం చేయాలి. హోల్‌సేల్ వ్యాపారులకు కూడా 45 రోజుల రక్షణ ఇవ్వాలని అదే తీర్మానంలో చేర్చాలి.

ఈ నిబంధనలు రేపు పది నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే కంపెనీల గోదాములకూ వర్తించాలి. బ్లింకిట్ 2022లోనే జొమాటో చేతికి వెళ్లింది. బిగ్‌బాస్కెట్ అంతకు ముందు ఏడాది టాటాల చేతికి వెళ్లింది. వాటి గోదాములకు వీధిలోకి కనిపించే బోర్డు కూడా ఉండదు కాబట్టి, అక్కడ యజమాని మారినా మాకు తెలిసేది బిల్లు ఆగిన తర్వాతే.

పర్చేజ్ ఆర్డర్లు, సరుకు ముట్టినట్టు గోదాములో ఇచ్చిన రసీదులు, జీఎస్టీ చలాన్లు, స్టాంపు వేసిన అర్జీ నకలు అన్నీ నా దగ్గర ఫైల్లో ఉన్నాయి. మీలో ఎవరు పిలిచినా తీసుకుని వస్తాను. నాలాగే బాకీ పోగొట్టుకున్న అప్పడాలవాళ్లు, పచ్చళ్లవాళ్లు, చిరుతిళ్లవాళ్లు కూడా వస్తారు. సంక్రాంతి సరుకుకు ఆర్డర్లు నవంబర్‌లో మొదలవుతాయి. రెండు చైన్లు అమ్మకానికి ఉన్నాయని మార్కెట్‌లో అప్పుడే మాట నడుస్తోంది, వాటికి అప్పు మీద సకినాల పిండి ఇవ్వాలో వద్దో నవంబర్‌లోపు నేను తేల్చుకోవాలి. మీ జవాబు ఆ లోపు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
పొడుల యూనిట్ యజమానురాలు,
నాచారం, హైదరాబాద్